బొంత మీది జంతువుల సంరక్షణ

మా ఆఫీసులో నూట నలభై నాలుగు జంతువులు ఉన్నాయని ప్రభుత్వానికి తెలియజేసింది నేనే. కావాలని చేసిన పని కాదు. కంప్యూటరు సున్నాను ఒప్పుకోలేదు.

ఆఫీసు అంటే శిశు వెచ్చదన పథకం జిల్లా కార్యాలయం. మా జిల్లాలో చలి ఎక్కువ. కార్తీకం దాటిందంటే పొద్దున తొమ్మిదింటి దాకా మాట్లాడే ప్రతి మనిషి నోట్లోంచీ పొగ వస్తుంది. అందుకని అప్పుడే పుట్టిన పిల్లలకూ, అంగన్‌వాడీ పిల్లలకూ బొంతలు కుట్టించి ఇవ్వాలని పథకం పెట్టారు. అందులో నేను జూనియర్ అసిస్టెంటును, పేరు వీరేశం. కార్యాలయంలో మొత్తం ముగ్గురం: డైరెక్టరు గారు, నేను, ఆ కంప్యూటరు.

డైరెక్టరు త్రివిక్రమరావు గారు ఉత్సాహవంతులు. ఏదో శిక్షణకు వెళ్ళి వారం రోజులుండి తిరిగొచ్చిన పూటే నన్ను పిలిచి, "వీరేశం, పసికందు కళ్ళు తెరవగానే జీవవైవిధ్యాన్ని దర్శించాలి" అన్నారు. దానికి అర్థం బొంతల మీద జంతువుల బొమ్మలు ఉండాలని. పనులు మూడు. ఏరియా ఆసుపత్రిలో పసిపిల్లల వార్డుకు ఇరవై రెండు చిన్న బొంతలు, అంగన్‌వాడీలకు నేల మీద పరిచే పెద్ద బొంతలు మూడు, మా ఆఫీసు గోడకు ఒకటి. గోడకు చలి వేయదు గానీ డైరెక్టరు గారు ఫొటో దిగేటప్పుడు వెనకాల ఏదో ఒకటి ఉండాలి.

కుట్టే పని సక్కుబాయికి ఇచ్చారు. బస్టాండు వెనక మూతబడ్డ జిన్నింగు మిల్లు షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్ళను పెట్టుకుని బొంతలు కుట్టే మనిషి ఆమె. అరవై ఏళ్ళకు దగ్గరగా ఉంటుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటుంది, మనిషితో మాట్లాడేటప్పుడు తీసేస్తుంది. ఒక్కో జంతువునూ ఒక్కో చదరపు ముక్క మీద విడిగా కుట్టి, ఆ ముక్కలన్నీ కలిపి బొంత చేస్తామంది. కుట్టారు కూడా. ఎంత బాగా కుట్టారో చెప్పలేను. రిటైరైన మా పాత సూపరింటెండెంటు గారి సఫారీ సూటు ఏనుగులైంది. ఎవరిదో పసుపు లంగా, తెగిపోయిన గొడుగు గుడ్డ కలిసి పులులయ్యాయి. హెడ్ కానిస్టేబుల్ ఖాకీ ప్యాంటు మీద తెల్లచుక్కలు కుడితే జింకలు తయారయ్యాయి. ఇంకా చిలుకలు, తాబేళ్ళు, చేపలు, కుందేళ్ళు. మూడు పనులకూ కలిపి నూట నలభై నాలుగు ముక్కలు. అవన్నీ బొంతలై ఆటోలో మా ఆఫీసుకు చేరాయి. రెండు రోజుల్లో ఆసుపత్రికి పంపాలి.

పంపేముందు సరఫరా వివరాలు కంప్యూటరులో ఎక్కించాలి. సరుకు పేరు అన్నచోట 'జంతువుల బొంతలు' అని కొట్టాను. ఆ మొదటి మాట చూడగానే కంప్యూటరు ఇంకో పేజీ తెరిచింది. 'జంతువుల సంఖ్య తెలుపుము.' సున్నా అని కొట్టాను. 'సంఖ్య సున్నా కంటే ఎక్కువ ఉండవలెను' అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఖాళీగా వదిలితే ముందుకు కదల్లేదు. డైరెక్టరు గారిని అడిగాను.

"ముక్కలెన్ని?" అన్నారు.

"నూట నలభై నాలుగు సార్."

"అదే కొట్టెయ్యండి."

కొట్టాను. అక్షరాలు పచ్చగా మారాయి. ఏయే జంతువులో కూడా అడిగింది, అవీ చెప్పాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

ఆ సాయంత్రమే కంప్యూటరుకు జవాబు వచ్చింది. 'మీ కార్యాలయ ప్రాంగణమందు పులులు, ఏనుగులు సహా 144 జంతువులు ముందస్తు అనుమతి లేకుండా ఉంచబడినట్లు గమనించడమైనది. తనిఖీ పూర్తగు వరకు ఏ ఒక్క జంతువును కదల్చరాదు.'

అవి గుడ్డ జంతువులని రాసేద్దామన్నాను. డైరెక్టరు గారు తలుపు మూసి కూర్చోమన్నారు.

"వీరేశం, మనం పంపిన సంఖ్య తప్పు అని రాస్తే, తప్పు సంఖ్య పంపిందెవరని అడుగుతారు. జంతువులు ఉన్నాయని ఒప్పుకుంటే, వాటిని ఎలా చూసుకుంటున్నారని అడుగుతారు. ఈ రెంటిలో మనం దేనికి జవాబు చెప్పగలం?"

రెండోదానికేనని నాకూ అనిపించింది. తప్పు సంఖ్య పంపింది నేను కదా.

వారానికి జంతు సంక్షేమ తనిఖీ అధికారి కోదండపాణి గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మెడకు మఫ్లరుతో ఉన్నారు. బొంతలన్నీ హాల్లో పరిపించారు. చెప్పులు విప్పి వాటి మధ్య నడిచారు. సక్కుబాయిని కూడా పిలిపించారు. నిబంధనల ప్రకారం జంతువులను పెంచిన మనిషి హాజరుండాలట.

"పులికీ జింకకూ మధ్య దూరం ఎంత?" అని అడిగారు.

"దూరమెక్కడిది సారూ? పక్కపక్కనే కుట్టినం" అంది సక్కుబాయి.

"పక్కపక్కనే!" కోదండపాణి గారు నా వైపు తిరిగారు. "రాసుకోండి. మాంసాహార, శాకాహార జంతువుల నడుమ రక్షిత ప్రాంతం ఏర్పాటు చేయలేదు. కంచె లేదు. తాగునీటి వసతి శూన్యం."

"పులికి దూప అయితున్నదా సారూ?" అని సక్కుబాయి కళ్ళజోడు తీసి మర్యాదగానే అడిగింది.

"అమ్మా, అవడం, అవకపోవడం నా పరిధిలోకి రాదు. నీరు ఉండాలి."

ఇది గుడ్డ సార్ అని చిన్నగా గొణిగాను. ఆయన నన్ను పక్కకు తీసుకెళ్ళారు. "నాకు కళ్ళు లేవనుకుంటున్నారా? గుడ్డ అని నాకూ కనబడుతోంది. కానీ నా ఫారంలో గుడ్డ అనే గడి లేదు. బతికి ఉన్నది, చనిపోయినది, తప్పించుకున్నది. ఈ మూడే ఉన్నాయి. మీరే చెప్పండి, వీటిలో ఏది పెట్టమంటారు?"

బతికి ఉన్నది అన్నాను. ఆయన సంతృప్తిగా టిక్కు పెట్టారు.

సక్కుబాయి బృందం బొంతలన్నీ మళ్ళీ విప్పింది. ముక్కకూ ముక్కకూ మధ్య మూడు వేళ్ళ వెడల్పు పచ్చపట్టీ పెట్టి, దాని మీద దారంతో కంచె కుట్టారు. ప్రతి బొంతకూ ఒక మూల నీలం గుడ్డతో చెరువు పెట్టారు. నిజం చెప్పాలంటే బొంతలు ముందుకన్నా అందంగా తయారయ్యాయి. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు.

తర్వాత మేత వచ్చింది. నేను అడగలేదు. జంతువుల సంఖ్య ఉన్న ప్రతి ఆఫీసుకూ మేత దానంతటదే మంజూరవుతుందట. లారీ నిండా పచ్చగడ్డి, ఏనుగుల కోసం చెరకు దించి వెళ్ళారు. చెరకును మిల్లు షెడ్డు ఆడవాళ్ళు నమిలారు. గడ్డి కోసం బస్టాండు చుట్టుపక్కల గేదెలన్నీ మా గేటు ముందు చేరాయి. అవి లెక్కలోకి రావని వాటికి ఎవరు చెబుతారు? పదిరోజులకు మెమో వచ్చింది: 'ఏనుగుల ఆహార వినియోగం నిల్. ఆకలి మందగించినట్లు అనుమానం. పశువైద్య పరీక్ష జరిపించవలెను.'

పశువైద్యురాలు డాక్టర్ నస్రీన్ ఐసుపెట్టెలో టీకాలు పెట్టుకుని స్కూటీ మీద వచ్చింది. చిన్నవయసు పిల్ల. బొంతలు చూసింది, మెమో చూసింది, నన్ను చూసింది. నవ్వలేదు. సక్కుబాయి పక్కన నేల మీద కూర్చుని ఒక ఏనుగును వేళ్ళతో తడిమింది.

"ఎన్నిసార్లు సూది పొడిచారమ్మా దీనికి?"

"గవన్ని లెక్కవెట్టలే బిడ్డా. ఒక్కొక్కదానికి ఐదారు వందలు పడుతయి."

నస్రీన్ పెన్ను తీసి రాసింది. 'అన్ని జంతువులకూ తగినన్ని సూదులు వేయబడినవి. ఎటువంటి జ్వరం లేదు. నిశ్చలంగా ఉన్నవి.' ఒక్క అక్షరం అబద్ధం లేదు. టీకాలు తీసుకెళ్ళి ఊళ్ళో మేకలకు వేసింది.

అంతటితో అయిపోతుందనుకున్నాం. అప్పుడు ట్యాగుల ఉత్తర్వు వచ్చింది. ప్రతి జంతువు చెవికీ నంబరు ట్యాగు ఉండాలి. ఏనుగులకు, పులులకు, కుందేళ్ళకు ఇబ్బంది లేదు. చిలుకలు, తాబేళ్ళు, చేపలు కలిపి ముప్పై ఒక్క జంతువులకు చెవులు లేవని నేను నిజాయితీగా రాశాను. జవాబు వెంటనే వచ్చింది: 'చెవులు లేని జంతువులకు తక్షణమే చెవులు సమకూర్చి, ట్యాగులు తగిలించి నివేదించవలెను.'

సక్కుబాయి మెమో నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"చేపకు చెవులు యాడ పెట్టాలె సారూ?"

నాకు తెలియక నస్రీన్‌కు ఫోను చేశాను. మెమో నంబరు అడిగి రాసుకుంది. తర్వాత, "కళ్ళ వెనకాల పెట్టమనండి, మొప్పలకు అడ్డం రాకుండా" అంది.

ఆ చెవులు కుట్టడానికి సక్కుబాయి రోజూ పొద్దున్నే మా హాలుకు వచ్చేది. జంతువులను కదల్చరాదు గనుక మనుషులే కదలాలి. అలా ఒకరోజు ఆమె ఒక తాబేలుకు రెండో చెవి కుడుతుండగా ఆసుపత్రి నుంచి సిస్టర్ రాహేలమ్మ వచ్చింది. పసిపిల్లల వార్డును చాలా ఏళ్ళుగా ఆమే చూసుకుంటోంది. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని ఉంది. నేరుగా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది.

"సార్, బొంతలు ఎప్పుడో తయారైనయంటిరి. ఇంకా రాకపాయె. వార్డుల ఇరవై రెండు మంచాలు నిండినయి. రెండు కిటికీలకు అద్దాలు లేవు. తల్లులు కట్టుకునే చీరలల్లనే పిల్లలను చుట్టి పండబెడుతున్నం. పొద్దుగాల ఒక పిల్ల కాళ్ళు ముట్టుకుంటే ఐసు లెక్క ఉన్నయి. గంట సేపు నా కడుపుకు అదుముకుని కూసున్న."

డైరెక్టరు గారి ముఖం నిజంగానే వాడిపోయింది. "సిస్టర్, మీ ఆవేదన నాకు అర్థమైంది. కానీ జంతువుల తరలింపు నిషేధంలో ఉంది. పైగా ఆసుపత్రిలోకి జంతువులకు ప్రవేశం లేదని మీ సూపరింటెండెంటు గారే బోర్డు పెట్టించారు."

"గా బోర్డు కుక్కల కోసం పెట్టింది సార్!"

"బోర్డు మీద కుక్కలని లేదు. జంతువులని ఉంది."

సక్కుబాయి తాబేలును పక్కన పెట్టింది. సూది బొంతకే గుచ్చి లేచింది. గది గుమ్మంలో నిలబడింది.

"నేను కుట్టను సారూ."

"ఇంకా పంతొమ్మిది చెవులున్నాయి కదమ్మా" అన్నారు డైరెక్టరు గారు.

"చెవులు మీరు పెట్టుకోండ్రి. మీకు ఇనబడుతలేదు. నేను గివి పిల్లల కోసం కుట్టిన. మీరు పులికి నీళ్ళు పెట్టుమంటే పెట్టిన, కంచె గట్టుమంటే గట్టిన. గిప్పుడు పిల్ల కాళ్ళు ఐసు అయినయంటున్నది సిస్టరు. నేను ఎత్తుకపోత గా ఇరవై రెండు. ఎవ్వలడ్డమొస్తరో రాండ్రి."

"పులులను ఎత్తుకెళ్తే బెయిలు కూడా రాదమ్మా!" అని డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన బెదిరించడం లేదు, ఆమె గురించే భయపడుతున్నారు.

సక్కుబాయి హాల్లోకి వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. సూది పోట్లు పడ్డ చేతులు బల్ల మీద పెట్టింది. నేను ఆ చేతులను చూడలేకపోయాను. నూట నలభై నాలుగు అని కొట్టిన వేళ్ళు నావి. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలని జంతు సంక్షేమ నిబంధనల పుస్తకం తీసి తిప్పడం మొదలుపెట్టాను. మూడు నెలలుగా దాని ప్రకారమే నడుస్తున్నాం గానీ దాన్ని చదివింది లేదు.

"గా బుక్కుల ఏమున్నది సారూ?" అంది కాసేపటికి. "ఎవరన్న సాదుకుంటమంటే ఇయ్యమని లేదా?"

ఉంది. ఏడో అధ్యాయం. జంతువుల దత్తత. దరఖాస్తుదారు జిల్లాలో నివసిస్తూ ఉండాలి. తన మీద పోలీసు కేసులు ఉండకూడదు. రోజులో అధిక భాగం జంతువుతో గడుపుతానని హామీ ఇవ్వాలి. సంతకం గానీ ముద్ర గానీ వేయాలి. వయసు ఎంత ఉండాలో ఎక్కడా లేదు. దత్తత పూర్తయిన క్షణం నుంచి ఆ జంతువు ఆఫీసు రిజిస్టరులో ఉండదు, దరఖాస్తుదారు సొంత సామాను అవుతుంది.

చదివి వినిపించాను. సిస్టర్ రాహేలమ్మ వెనక నిలబడి వింటోంది.

"ముద్ర అంటే కాలి ముద్ర నడుస్తదా? మేము పుట్టంగనే తీస్తం" అంది.

ఏ అవయవం ముద్ర అన్నది కూడా పుస్తకంలో లేదు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురం వార్డుకు వెళ్ళాం. నేను ఫారాలు నింపుతుంటే రాహేలమ్మ ఒక్కో అరికాలికి సిరా అద్దింది. ముద్ర పడగానే సక్కుబాయి కొంగుతో ఆ అరికాలు తుడిచి, ఊది, మళ్ళీ చీరలో చుట్టింది. దరఖాస్తుదారు పేరు: ఇంకా పెట్టలేదు. వృత్తి: నిద్ర. నేర చరిత్ర: లేదు. జంతువుల పెంపకంలో అనుభవం: లేదు, నేర్చుకోగలరు. చిరునామా: మంచం నంబరు ఏడు. వారిలో ఒక దరఖాస్తుదారు వయసు మూడు గంటలు.

ఫారాలు డైరెక్టరు గారి ముందు పెట్టాను. ఒక్కో కాలి ముద్రనూ చాలాసేపు చూశారు. బొటనవేలు అంత ఉన్నాయి.

"వయసు గడి లేదు కదా?" అన్నారు.

"లేదు సార్."

"లేని గడిలో మనం తలదూర్చకూడదు" అని ఇరవై రెండింటి మీదా సంతకం పెట్టారు. చివరి కాగితం మీద సిరా పొడిగా వచ్చిందని పెన్ను మార్చి మళ్ళీ పెట్టారు. అంగన్‌వాడీ పిల్లలవి బొటనవేలి ముద్రలు గనుక మరీ సులువైంది. పొద్దుగూకకముందే బొంతలన్నీ చేరాల్సిన చోటికి చేరాయి.

మూడో రోజు కోదండపాణి గారు దత్తత గృహాల తనిఖీకి దిగారు. ఆయనతో నేనూ వెళ్ళాను. వార్డులో మంచం పక్కన మంచం, ప్రతి మంచం మీదా ఒక బొంత, బొంతలోంచి బయటికి ఒక చిన్న ముఖం. గదిలో పాలవాసన, వేపనూనె వాసన.

ఆయన ఏడో మంచం దగ్గర ఆగారు. వంగి చూశారు.

"జంతువుల కింద ఒక శిశువు ఉన్నట్లు గమనించడమైనది" అన్నారు. పక్క మంచం చూశారు. "ఇక్కడ కూడా." వరసగా నడిచారు. "అన్నిచోట్లా ఇదే పరిస్థితి. ట్యాగులు కనబడడం లేదు. శిశువులు అడ్డుగా ఉన్నారు. ఇలాగైతే జంతువులను వెనక్కి తీసుకోమని సిఫార్సు చేయాల్సి వస్తుంది. సిస్టర్, ఈ శిశువును తొలగించండి."

రాహేలమ్మ ముందుకొచ్చింది. ఏడో మంచం పిల్లను బొంతతో సహా ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. "మెడ కింద చెయ్యి పెట్టుండ్రి సార్. అంతే. గట్లనే ఉండుండ్రి. కదిలితే లేస్తది" అని, పన్నెండో మంచం దగ్గర ఎవరో ఏడుస్తుంటే అటు వెళ్ళిపోయింది.

కోదండపాణి గారు గట్లనే ఉండిపోయారు. పిల్లను ఎవరికైనా ఇద్దామంటే తీసుకునేవాళ్ళు లేరు. పడుకోబెడదామంటే ఎలా పడుకోబెట్టాలో తెలియదు. నా వైపు చూశారు. నాకూ తెలియదు. ఫారం రాయడానికి చేతులు ఖాళీ లేవు గనుక నన్ను రాయమన్నారు.

"ఇక్కడ జరిగింది జరిగినట్టు, విన్నది విన్నట్టు రాయండి. మన సొంత మాట ఒక్కటీ ఉండకూడదు."

రాశాను. ట్యాగు నంబర్లు చెబుతుంటే ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. చివరికి పెదాలు మాత్రమే కదిలాయి. కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. ఆయన తెలియకుండానే గాలికి వీపు పెట్టి తిరిగారు. మఫ్లరు కొస ఒకటి జారి పిల్ల తల మీద పడింది. దాన్ని తీయలేదు. అరగంట అలా నిలబడ్డారు.

పిల్ల తల్లి లేతుబాయి వేణ్ణీళ్ళ స్నానం చేసి తడిజుట్టుతో వచ్చింది. ఎవరో పెద్దమనిషి తన బిడ్డను ఎత్తుకుని ఉండడం చూసి కంగారుపడింది, పిల్ల నిద్రపోతూ ఉండడం చూసి నెమ్మదించింది. ఆయన చేతుల్లోంచి పిల్లను అలవాటుగా తీసుకుని, "సల్లగుండు సారూ" అంది.

కోదండపాణి గారి చేతులు ఇంకా పిల్లను ఎత్తుకున్నట్టే గాల్లో ఉన్నాయి.

"సిఫార్సు ఏం రాయమంటారు సార్?" అని అడిగాను.

ఆయన చొక్కా మోచేతుల దగ్గర వెచ్చగా ఉందేమో, ఒకసారి తడుముకున్నారు.

"ఆ గడి వదిలెయ్యండి" అన్నారు.

వదిలేశాను. మిగతాది విన్నది విన్నట్టు రాశాను గనుక చివరి వాక్యం ఇలా వచ్చింది: 'లబ్ధిదారు తల్లి తనిఖీ అధికారిని చల్లగా ఉండవలసినదిగా కోరడమైనది.'

నివేదిక పైకి వెళ్ళింది. పదిహేను రోజులకు ఉత్తర్వు దిగింది. 'చలి నివారణ నిమిత్తం అమలవుతున్న పథకమందు లబ్ధిదారు చల్లదనమును కోరడానికి గల కారణములేమి? ఇది పథకంపై అసంతృప్తిగా భావించవచ్చునా? సమగ్ర వివరణ అందు వరకు దత్తత జంతువులను ఎవరి వద్ద నుంచి వెనక్కి తీసుకొనరాదు.'

డైరెక్టరు గారు అది చదివి నాకిచ్చారు. ఏడో మంచం పిల్ల అప్పటికే తన బొంతతో ఇంటికి వెళ్ళిపోయింది. ఆ మంచం మీదికి కొత్తగా వచ్చిన దరఖాస్తుదారు కోసం సక్కుబాయి ఇంకో బొంత మొదలుపెట్టింది, ఈసారి గుర్రాలట.

వివరణ పంపమని ఇప్పటికి నాలుగుసార్లు గుర్తు చేశారు. ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. రాయడానికి నాకు తీరిక దొరకడం లేదు.